మాటలు లేని పియానోలోకి నవల ఎలా వచ్చింది? షూమన్ సంగీతం వెనక సాహిత్యం

క్లుప్తంగా: జర్మన్ స్వరకర్త రాబర్ట్ షూమన్ రచనల పేర్లు చూసి వాటిలో కథ వెతికినవాళ్లు చాలాసార్లు ఖాళీ చేతులతో తిరిగొస్తారు. నవలల నుంచి, కవితల నుంచి ఆయన ప్రధానంగా తీసుకున్నది కథ చెప్పే తీరు. ముసుగు మార్చడం, నడుస్తున్నదాన్ని మధ్యలో తెంచడం, చివరి మాట చెప్పకుండా వదిలేయడం అందులోవే. ఆ తీరు 1830ల పియానో రచనల్లో పండింది, 1840 నాటి పాటల్లో ఇంకా బాగా పండింది. ఒపెరాలో మాత్రం ఇమడలేదు.

పియానో కచేరీ వీడియో వింటుంటే తెర మీద ‘సీతాకోకచిలుకలు’ అనో, ‘కార్నవాల్’ అనో, ‘క్రైస్లేరియానా’ అనో పేరు కనబడుతుంది. పేరు ఏదో బొమ్మను కళ్లముందు నిలబెడుతుంది. సంగీతం మాత్రం ఆ బొమ్మను గీయదు. రెక్కల చప్పుడు వినిపించదు, ఎవరు ఎవరిని కలిశారో తెలియదు. రెండు నిమిషాలకోసారి ముక్క మారిపోతుంది. ఇంతకీ ఇందులో కథ ఉందా లేదా అన్న సందేహం షూమన్ బతికున్న రోజుల నుంచీ ఉంది. ఆయన కాబోయే భార్య, ఆనాటి గొప్ప పియానిస్టుల్లో ఒకరైన క్లారా వీక్ కూడా 1839లో రాసిన ఒక ఉత్తరంలో, పైన పేర్లేమీ లేకుండా, సులువుగా అర్థమయ్యేలా, మరీ పొడుగూ మరీ పొట్టీ కాని ఒక్క నిండైన రచన చేయకూడదా అని అడిగింది. జనం ముందు కూర్చుని వాయించాల్సిన మనిషి కష్టం అది.

కర్ణాటక సంగీతానికి అలవాటుపడ్డ చెవికి ఈ చిక్కు ఇంకొంచెం ఎక్కువ. మనకు సంగీతంలో ‘సాహిత్యం’ అంటే కృతిలోని మాటలే. వీణ మీద వాయించినా, తెలిసిన శ్రోత మనసులో త్యాగరాజస్వామి మాటలు నడుస్తూనే ఉంటాయి. షూమన్ పియానో రచనల కింద అలా నడిచే మాటలు లేవు. అయినా అవి సాహిత్యంతో నిండి ఉన్నాయి. అదెలా సాధ్యమో తెలియాలంటే ముందు ఆయన పెరిగిన ఇంట్లోకి వెళ్లాలి.

పుస్తకాల ఇల్లు

షూమన్ 1810 జూన్ 8న సాక్సనీలోని త్స్వికావ్ పట్టణంలో పుట్టాడు. తండ్రి ఆగస్ట్ షూమన్ పుస్తకాల వ్యాపారి, ప్రచురణకర్త, తనూ రాసేవాడు. వాల్టర్ స్కాట్, బైరన్ రచనల జర్మన్ అనువాదాలను చిన్న సైజు పుస్తకాలుగా అచ్చువేసేవాడు, కొన్ని స్వయంగా అనువదించాడు. సంగీతం నేర్చుకునే పిల్లలకు అప్పట్లో చర్చి గాయకబృందమో, సంగీతకారుడైన తండ్రో తొలి బడి. షూమన్‌కు ఆ స్థానంలో పుస్తకాల అలమరాలు ఉన్నాయి. బడిలో ఉండగానే తోటి విద్యార్థులతో కలిసి జర్మన్ సాహిత్యం చదువుకునే ఒక సంఘం పెట్టాడు. కవితలు రాశాడు, నవలలు మొదలుపెట్టాడు. పదిహేడు, పద్దెనిమిదేళ్ల వయసులో రచయిత కావాలో సంగీతకారుడు కావాలో ఆయనకే తేలలేదు.

తండ్రి 1826లో పోయాడు. తల్లి కోరిక మీద 1828లో లైప్‌జిగ్‌లో న్యాయశాస్త్రంలో చేరాడు. అయితే ఆ ఏడాదే వసంతంలో స్నేహితుడితో కలిసి చేసిన ప్రయాణం ఆ కుర్రాడి మనసు ఎక్కడుందో చెబుతుంది. బైరాయిట్‌లో తన అభిమాన నవలాకారుడు ఝాన్ పౌల్ భార్యను కలిశాడు, ఆ రచయిత అప్పటికి మూడేళ్ల కిందటే చనిపోయాడు. తర్వాత మ్యూనిక్ వెళ్లి కవి హైన్రిష్ హైనేని కలిశాడు. పెదవుల మీద చేదు నవ్వుతో ఉన్న ఆ కవి ఈ కుర్రవాళ్లతో ఆప్యాయంగా మాట్లాడి చిత్రశాల కూడా చూపించాడు. ఈ ఇద్దరు రచయితలూ షూమన్ సంగీతంలో రెండు దశలకు పునాది. పియానో రచనలకు ఝాన్ పౌల్, పన్నెండేళ్ల తర్వాత వచ్చిన పాటలకు హైనే.

నవల నేర్పిన కౌంటర్‌పాయింట్

ఝాన్ పౌల్ పేరు ఇప్పుడు జర్మనీ బయట పెద్దగా వినబడదు. పంతొమ్మిదో శతాబ్దం మొదట్లో మాత్రం జర్మన్ పాఠకులు ఆయన్ని నెత్తిన పెట్టుకున్నారు. ఆయన నవలలు తిన్నగా నడవవు. కథ సాగుతుండగా రచయిత పక్కదారి పడతాడు, అక్కడి నుంచి ఇంకో దారి. కన్నీళ్లు తెప్పించే వాక్యం పక్కనే హాస్యం. పాత్రలు జంటలుగా, ఒకదానికి ఒకటి నీడలుగా వస్తాయి. 1839లో ఒక అభిమానికి రాసిన ఉత్తరంలో, తన సంగీత గురువు దగ్గరకంటే ఝాన్ పౌల్ దగ్గరే ఎక్కువ కౌంటర్‌పాయింట్ నేర్చుకున్నానని షూమన్ చెప్పాడు. కౌంటర్‌పాయింట్ అంటే రెండు మూడు రాగధారలను ఒకేసారి నడిపించే విద్య. దాన్ని నవల నుంచి నేర్చుకోవడమేమిటని వింతగా అనిపించినా, 1831లో అచ్చయిన ఆయన రెండో రచన ‘పాపియోన్’ దగ్గర పెట్టుకుని చూస్తే ఆ మాట అర్థమవుతుంది.

‘పాపియోన్’ అంటే ఫ్రెంచ్‌లో సీతాకోకచిలుకలు. పన్నెండు చిన్న నాట్యముక్కలు, మొత్తం కలిపి పావుగంట. దీని వెనక ఉన్నది ఝాన్ పౌల్ 1804–05లో ప్రచురించిన ‘ఫ్లేగెల్‌యారె’ నవల. అందులో వాల్ట్, వుల్ట్ అనే కవల సోదరులు. వాల్ట్ కలల్లో తేలే కవి. వుల్ట్ చురుకు, కోపం, వెటకారం కలిసిన ఫ్లూట్ వాద్యకారుడు. ఇద్దరూ వీనా అనే అమ్మాయినే ప్రేమిస్తారు. నవల చివర్లో ఒక ముసుగు నాట్యోత్సవం వస్తుంది. అక్కడ సోదరులు వేషాలు మార్చుకుంటారు. వాల్ట్ వేషంలో ఉన్న వుల్ట్‌కి, వీనా మనసు వాల్ట్ మీదే ఉందని ఆమె నోటే తెలుస్తుంది. ఆ అధ్యాయం పేరులో జర్మన్ మాట ‘లార్వె’ ఉంది. ఆ మాటకు ముసుగు అనీ అర్థమే, సీతాకోకచిలుకగా మారబోయే పురుగు అనీ అర్థమే. షూమన్ రచనకు ఆ పేరెందుకు వచ్చిందో ఈ శ్లేష దగ్గర తేలిపోతుంది. ముసుగులోంచి బయటపడేదే సీతాకోకచిలుక.

షూమన్ దగ్గరున్న నవల ప్రతిలో ఈ అధ్యాయంలోని వాక్యాల పక్కన ‘పాపియోన్’ ముక్కల నంబర్లు వేసిన గుర్తులున్నాయి. అది చూసి ఇది కథకు కట్టిన సంగీతమే అనుకోవడం తేలిక. కానీ 1834లో ఒక స్నేహితురాలికి రాసిన ఉత్తరంలో, సంగీతం కింద తాను మాటలు అమర్చాననీ, మాటలకు సంగీతం కట్టలేదనీ, చివరి ముక్క ఒక్కటే నవల వల్ల పుట్టిందనీ ఆయనే చెప్పాడు. ఈ తేడా చాలా ముఖ్యం. ముక్కల్లో కొన్ని అంతకుముందే రాసిన నాట్యాలు. వాటిని పక్కపక్కన పెట్టే పద్ధతి నవలది. కారణం చెప్పకుండా ఒకదాన్నుంచి ఇంకోదానికి దూకడం, మొదట్లో విన్న వాల్ట్జ్ (మూడు లెక్కల నాట్యబాణీ) చివర్లో ఇంకో వేషంలో తిరిగి రావడం, ఏ ముక్కా తనను తాను పూర్తిగా వివరించుకోకపోవడం, ఇవన్నీ ఆ పద్ధతిలోవే.

నవల వల్ల పుట్టిందని ఆయన ఒప్పుకున్న ఆ చివరి ముక్క దగ్గర కాస్త ఆగాలి. జర్మన్ పల్లెల్లో వేడుక ముగిసేటప్పుడు వాయించే ‘తాతగారి నాట్యం’ అనే పాత బాణీతో అది మొదలవుతుంది. దాని మీదకు మొదటి ముక్కలోని వాల్ట్జ్ వచ్చి కలుస్తుంది. రెండు బాణీలు ఒకేసారి, అంటే నిజంగానే కౌంటర్‌పాయింట్. ఉత్సవపు సందడి అణిగిపోతోందనీ గోపురం గడియారం ఆరు కొడుతోందనీ స్వరలిపిలోనే రాసి ఉంది. పై స్థాయిలో ఒకే స్వరం ఆరుసార్లు మోగుతుంది. వాల్ట్జ్ తిరిగి తిరిగి వస్తూ, వచ్చిన ప్రతిసారీ చివర కొన్ని స్వరాలు పోగొట్టుకుంటుంది. ఆఖర్న ఒక కార్డ్‌ని, అంటే కలిసి మోగే స్వరాల గుంపును మోగించి, దాని స్వరాలను ఒక్కొక్కటిగా వదిలేయమంటాడు. పియానోలో కొత్త స్వరం కొట్టడం వల్ల కాదు, వేలు ఎత్తడం వల్ల సంగీతం నడిచే చోటు అది.

నవల చివరి వాక్యంలో వుల్ట్ ఫ్లూట్ వాయిస్తూ ఇల్లు విడిచి వెళ్లిపోతుంటాడు. ఆ నాదంతో పాటు తమ్ముడూ దూరమవుతున్నాడని తెలియక, వీధిలోంచి వచ్చే స్వరాలను వాల్ట్ పరవశంగా వింటుంటాడు. ఈ చివరి దృశ్యాన్ని త్వరగా చదవమని షూమన్ ఇంట్లోవాళ్లకు ఉత్తరం రాశాడు. చదివాక ‘పాపియోన్’ ముగింపు విన్నవాళ్లకు, ఆ వాక్యాన్ని సంగీతం ‘వర్ణించడం’ లేదని తెలుస్తుంది. ఆ వాక్యం ఎలా ముగుస్తుందో ఇదీ అలాగే ముగుస్తుంది, వినేవాడు వింటుండగానే కరిగిపోతుంది.

రెండు పేర్లు, నాలుగు అక్షరాలు

వాల్ట్, వుల్ట్ జంట షూమన్‌ని అంత తేలిగ్గా వదల్లేదు. 1831లోనే ఆయన డైరీలో ఫ్లోరెస్టాన్, యూసేబియస్ అనే రెండు పాత్రలు ప్రవేశించాయి. మొదటివాడు ఆవేశపరుడు, రెండోవాడు స్వాప్నికుడు. అదే ఏడాది డిసెంబరులో యువ స్వరకర్త షోపాన్ రచన మీద ఆయన రాసిన సమీక్ష మామూలు సమీక్షలా ఉండదు. యూసేబియస్ తలుపు తోసుకుని గదిలోకి వచ్చి, టోపీలు తీయండి, ఇదిగో ఒక ప్రతిభావంతుడు అంటాడు. విమర్శ కథానికలా మొదలైంది. 1834లో లైప్‌జిగ్‌లో మిత్రులతో కలిసి మొదలుపెట్టి, దాదాపు పదేళ్లు నడిపిన సంగీత పత్రికలో ఈ పాత్రలు, వీళ్ల కల్పిత ‘దావీదు సంఘం’ వాదించుకుంటూ ఉండేవి. ప్రతి సంచిక నెత్తిన ఎవరో ఒక కవి వాక్యం ఉండేది.

1834–35లో రాసిన ‘కార్నవాల్’లో ఈ పాత్రలు పియానో మీదకు వచ్చాయి. మాటలు లేకుండా పాత్రను ఎలా గీస్తారన్నదానికి ఇక్కడ స్పష్టమైన జవాబు ఉంది. ‘యూసేబియస్’ అనే ముక్కలో ఎడమచెయ్యి రెండు లెక్కలు నడుస్తుంటే, కుడిచెయ్యి ఏడేసి స్వరాల గుంపులుగా సాగుతుంది. లెక్క ఎక్కడ పడుతుందో చెవికి అందదు, కల అంటే అదే. ‘ఫ్లోరెస్టాన్’ మాత్రం దూకుడుగా మొదలై మధ్యలో హఠాత్తుగా ‘పాపియోన్’లోని వాల్ట్జ్‌ని గుర్తుచేసుకుంటుంది. స్వరలిపిలో ఆ చోట ‘పాపియోన్?’ అని ప్రశ్నార్థకంతో సహా రాసి ఉంది. నవలలో ఒక పాత్ర వెనకటి నవలను తలచుకున్నట్టు.

ఇదే రచనలో అక్షరాల ఆట కూడా ఉంది. షూమన్ అప్పట్లో ప్రేమించిన ఒక అమ్మాయి ఊరి పేరు ఆష్. జర్మన్‌లో దాని స్పెల్లింగ్‌లో నాలుగు అక్షరాలు. జర్మన్ సంప్రదాయంలో స్వరాలకు అక్షరాలే పేర్లు కాబట్టి ఆ నాలుగూ స్వరాలవుతాయి. అవే అక్షరాలు షూమన్ ఇంటిపేరులోనూ ఉన్నాయి. ఆ కొద్ది స్వరాల నుంచే ఇరవైకి పైగా ముక్కల్లో చాలావాటిని అల్లాడు. మన వాగ్గేయకారులు స, ప, ద, ని వంటి అక్షరాలు సాహిత్యంలో వచ్చినచోట అవే స్వరాలను పలికించే ‘స్వరాక్షరం’ ఈ ఆటకు దగ్గరి చుట్టం. తేడా ఒకటుంది. స్వరాక్షరంలో మాట బయటికే వినబడుతుంది, శ్రోతకు ఆ మెరుపు అక్కడికక్కడే అందుతుంది. షూమన్‌లో మాట దాగి ఉంటుంది. ‘స్ఫింక్స్‌లు’ అన్న పేరుతో ఆ అక్షరాల స్వరాలను రచన మధ్యలో రాసిపెట్టాడు కానీ, పియానిస్టులు సాధారణంగా వాటిని వాయించరు. పొడుపుకథకు జవాబు కాగితం మీద ఉంది, గాలిలో లేదు.

పిల్లి ఆత్మకథ, చిరిగిన పేజీలు

1838లో రాసిన ‘క్రైస్లేరియానా’ దగ్గర ఈ వ్యవహారం బాగా లోతుకు వెళుతుంది. పేరు ఇ.టి.ఎ. హాఫ్‌మన్‌ది. రచయిత, స్వరకర్త, న్యాయాధికారి కూడా అయిన హాఫ్‌మన్, యోహాన్నెస్ క్రైస్లర్ అనే సగం పిచ్చి, సగం మేధ కలిసిన సంగీతకారుడి పాత్రను సృష్టించాడు. ఆ పాత్ర పేరుతో వచ్చిన వ్యాసాల శీర్షికే ‘క్రైస్లేరియానా’. తర్వాత 1819–21లో వచ్చిన ఒక నవలలో ఆ క్రైస్లర్ మళ్లీ కనబడతాడు, విచిత్రమైన రూపంలో. ముర్ అనే పిల్లి తన ఆత్మకథ రాసుకుంటుంది. రాసేటప్పుడు అడ్డుకాగితాలుగా యజమాని దగ్గరున్న క్రైస్లర్ జీవితచరిత్రను చింపి వాడుకుంటుంది. అచ్చువేసేవాడు రెండూ కలిపి అచ్చువేసేస్తాడు. అలా పాఠకుడు పిల్లి గారి తృప్తి నిండిన కబుర్లు చదువుతుండగా వాక్యం మధ్యలో తెగి, క్రైస్లర్ వేదన మొదలవుతుంది. అదీ మధ్యలో తెగి మళ్లీ పిల్లి.

షూమన్ రచనలో ఎనిమిది భాగాలు. మొదటిది మొదలైనట్టు ఉండదు, అప్పటికే నడుస్తున్న తుపానులోకి తలుపు తీసినట్టు ఉంటుంది. బాస్ స్వరాలు లెక్క మీద పడకుండా పక్కకు జరిగి పడతాయి. ఉన్నట్టుండి ఆ తుపాను ఆగి, మెత్తని మధ్యభాగం వస్తుంది, తర్వాత ఏ వివరణా లేకుండా తుపాను తిరిగొస్తుంది. మొత్తం రచన అంతా ఇదే ఊపు. ఉద్రిక్తమైన భాగాలు మైనర్‌లో, అంటే దిగులు ధ్వనించే స్వరవరుసలో, ఎక్కువగా జి మైనర్‌లో. నెమ్మదైన రెండు, నాలుగు, ఆరో భాగాలు వెలుగు ధ్వనించే మేజర్ వరుసలో, బి ఫ్లాట్ మేజర్‌లో. ఒక లోకం నుంచి ఇంకో లోకానికి మెల్లగా తీసుకెళ్లే వంతెనలు తక్కువ. పిల్లి నవలలో పేజీ చిరిగినట్టే ఇక్కడ మనోస్థితి చిరుగుతుంది.

ఆ నవల నిర్మాణాన్నే షూమన్ అనుకరించాడని ఆయన ఎక్కడా ప్రకటించలేదు. నిజానికి క్లారాకు రాసినప్పుడు, ఇందులో నువ్వూ నీ ఆలోచన ఒకటీ ముఖ్యపాత్ర వహిస్తున్నారని అన్నాడు. అచ్చయినప్పుడు అంకితం షోపాన్‌కు. ఒకే రచన వెనక ఒక కల్పిత సంగీతకారుడు, ఒక ప్రియురాలు, ఒక సాటి స్వరకర్త. ఎవరి కథ ఇది అన్న ప్రశ్నకు ఒకే జవాబు రాకపోవడం ఇక్కడ లోపం కాదు. చివరి భాగంలో కుడిచెయ్యి చాలా తక్కువ చప్పుడుతో గెంతుతూ పోతుంటే ఎడమచెయ్యి స్వరాలు ఎక్కడెక్కడో పడతాయి. చివరికి అడుగు స్థాయిలోకి జారి, వినబడీ వినబడనంత సన్నగా ఆగిపోతుంది. హాఫ్‌మన్ తన నవల మూడో భాగం రాయకుండానే 1822లో కన్నుమూశాడు. క్రైస్లర్ ఏమయ్యాడో పాఠకులకు ఎప్పటికీ తెలియదు.

వాయించకూడని వరుస

పియానో స్వరలిపిలో మామూలుగా రెండు వరుసలు ఉంటాయి, ఒక్కో చేతికి ఒకటి. 1839లో అచ్చయిన ‘హ్యూమరెస్కె’లో ఒకచోట మధ్యలో మూడో వరుస కనబడుతుంది. దాని దగ్గర ‘లోపలి గొంతు’ అని రాసి ఉంటుంది. అందులో ఒక రాగం ఉంది, దాన్ని వాయించకూడదు. చుట్టూ ఉన్న స్వరాలు ఆ రాగం నీడలా కదులుతాయి. శ్రోతకు నీడ వినబడుతుంది, మనిషి కనబడడు.

చదువుకునేవాడికే తెలిసే రహస్యాన్ని స్వరలిపిలో పెట్టడం పుస్తకాలతో పెరిగిన మనిషి ఆలోచన. పేజీ మీద ఉన్నదంతా గొంతులోకి రావాల్సిన పని లేదని పాఠకుడికి తెలుసు. అదే సంవత్సరం అచ్చయిన ‘ఫాంటసీ’ మొదట్లో ఫ్రీడ్రిష్ ష్లేగెల్ కవిత నుంచి నాలుగు పాదాలు ఉన్నాయి. ఈ రంగుల లోకపు కలలో మోగే అన్ని నాదాల మధ్య, రహస్యంగా చెవి ఒగ్గేవాడి కోసం ఒక సన్నని నాదం సాగుతోందని వాటి భావం. ఆ నాదం నువ్వే కదా అని షూమన్ క్లారాను అడిగాడు. అప్పుడు క్లారా తండ్రి వాళ్ల పెళ్లికి అడ్డుపడుతున్నాడు, ఇద్దరూ కలుసుకోవడమే కష్టంగా ఉన్న రోజులు. రహస్యంగా వినడం అన్నది వాళ్లకు అలంకారం కాదు, రోజువారీ అవసరం.

పేరు ముందా, సంగీతం ముందా?

ఇక్కడే బెర్లియోజ్‌తో పోలిక పనికొస్తుంది. ఫ్రెంచ్ స్వరకర్త ఎక్తోర్ బెర్లియోజ్ 1830లో తన ‘ఫాంటాస్టిక్ సింఫనీ’కి ఒక కథ రాసి, ప్రేక్షకులకు పంచే కాగితంగా ఇచ్చాడు. ఒక కళాకారుడు, విఫలప్రేమ, నల్లమందు మత్తు, ఉరికంబం, దెయ్యాల సభ. శ్రోత కాగితం చదువుతూ వినొచ్చు. 1835లో షూమన్ ఈ సింఫనీ మీద సుదీర్ఘమైన సమీక్ష రాశాడు. సంగీతాన్ని మెచ్చుకున్నాడు, కథ కాగితాన్ని మాత్రం వద్దన్నాడు. అయిదు భాగాలకు అయిదు శీర్షికలు చాలునని ఆయన అభిప్రాయం.

తన రచనల పేర్ల విషయంలోనూ ఇదే నియమం. ‘పసితనపు దృశ్యాలు’ అన్న పదమూడు ముక్కల రచన (1838) మీద ఒక విమర్శకుడు, ఏడుస్తున్న పిల్లను ఎదురుగా పెట్టుకుని స్వరాలు వెతికారన్నట్టు రాస్తే షూమన్ నొచ్చుకున్నాడు. పేర్లు తర్వాతే వచ్చాయనీ, వాయించేవాడికీ అర్థం చేసుకునేవాడికీ అవి చిన్న సూచనలు మాత్రమేననీ 1839లో తన పాత గురువు డార్న్‌కు రాశాడు. అదే రచనలో చివరి ముక్క పేరు ‘కవి మాట్లాడతాడు’. కొన్ని మెత్తని కార్డ్‌లు, తర్వాత లెక్క విడిచిపెట్టి ఒంటరిగా సాగే ఒక గొంతు, మళ్లీ కార్డ్‌లు. కవి ఏం మాట్లాడాడో చెప్పడు. మాట్లాడే తీరు మాత్రం అచ్చంగా మాటదే.

కాబట్టి బెర్లియోజ్‌లో సాహిత్యం సంగీతం పక్కన నడిచే కథ. షూమన్‌లో అది సంగీతం అస్థిపంజరం. మొదటిది తెలియకపోతే శ్రోతకు సన్నివేశాలు పోతాయి. రెండోది తెలియకపోయినా ఏదీ పోదు, తెలిస్తే మాత్రం ఈ కుదుపులు ఎందుకున్నాయో అర్థమవుతుంది.

1840: కవి ఒకటి అంటాడు, పియానో ఇంకొకటి

1839 వరకూ షూమన్ పాటను వాద్యసంగీతం కంటే తక్కువగా చూశాడు, ఆ మాట ఉత్తరంలో ఒప్పుకున్నాడు కూడా. మరుసటి ఏడాది ఒక్కదాంట్లోనే నూట ముప్పైకి పైగా పాటలు రాశాడు. పెళ్లి అనుమతి కోసం కోర్టులో గెలిచి, 1840 సెప్టెంబరు 12న, క్లారాకు ఇరవై ఒక్కేళ్లు నిండటానికి ఒక్కరోజు ముందు పెళ్లి చేసుకున్నాడు. పాటల వెల్లువకు ప్రేమ ఒక కారణం. సంపాదన అవసరం మరొకటి, పాటల పుస్తకాలు బాగా అమ్ముడయ్యేవి. అయితే ఇంత వేగంగా రాయగలగడానికి అసలు కారణం, ఆ కవులందరినీ ఆయన ఏళ్ల తరబడి చదివి ఉండటం.

మే చివరి వారంలో హైనే కవితలతో ఇరవై పాటలు కట్టాడు. అందులో పదహారు ‘డిష్టర్‌లీబె’, అంటే ‘కవి ప్రేమ’ అన్న పేరుతో 1844లో అచ్చయ్యాయి. మొదటి పాటలో మాటలు చాలా సాదా. అందమైన మే నెలలో మొగ్గలన్నీ విచ్చుకున్నప్పుడు నా గుండెలో ప్రేమ విచ్చుకుంది, ఆమెకు నా కోరిక చెప్పుకున్నాను, అంతే. ఆమె ఏమందో హైనే చెప్పలేదు. షూమన్ ఈ మౌనాన్ని పట్టుకున్నాడు. పియానో మొదలుపెట్టిన చోట ఏ స్వరం షడ్జమో తెలియదు. మైనర్‌కూ మేజర్‌కూ మధ్య ఊగుతుంది. పాశ్చాత్య సంగీతంలో పంచమం మీద కట్టిన ఒక రకం కార్డ్ వస్తే, దాని వెనక షడ్జపు కార్డ్ వచ్చి వాలాలని చెవి ఎదురుచూస్తుంది. ఈ పాట సరిగ్గా ఆ ఎదురుచూపు దగ్గరే ఆగిపోతుంది. షడ్జం రాదు, ఆమె జవాబూ రాదు. మే నెల అందం మీద నమ్మకం లేదని ఒక్క మాట కూడా మార్చకుండా చెప్పిన పద్ధతి ఇది.

పదహారో పాటలో పోలిక ఇంకా స్పష్టం. పాత పాటల్నీ కలల్నీ పాతిపెట్టడానికి పెద్ద శవపేటిక కావాలంటాడు కవి. దాన్ని మోయడానికి పన్నెండుమంది రాక్షసులు కావాలి, పాతిపెట్టడానికి సముద్రం కావాలి. అంత పెద్దదెందుకంటే నా ప్రేమనూ బాధనూ అందులోనే వేశాను అని ముగిస్తాడు. హైనే గొంతులో పరిహాసం ఎక్కడ తగ్గి బాధ ఎక్కడ మొదలైందో పట్టుకోవడం కష్టం, ఆ కవి బలమే అది. షూమన్ అక్కడితో ఆపలేదు. గాయకుడు ఊరుకున్నాక పియానో ఒంటరిగా చాలాసేపు వాయిస్తుంది. అప్పుడు వినిపించేది పన్నెండో పాట చివర పియానో వాయించిన రాగం. ఆ పాటలో వేసవి ఉదయాన తోటలో పూలు, పాలిపోయిన ఆ విషాద ప్రేమికుడితో, మా చెల్లెలి మీద కోపం పెట్టుకోకు అని గుసగుసలాడతాయి. హైనే తన ప్రేమను సముద్రంలో ముంచి వెళ్లిపోయాడు. పూలు చెప్పిన క్షమ మాటను వెనక్కి తెచ్చి చివరి మాట చేసింది పియానో. ఇది అనువాదం కాదు, వ్యాఖ్యానం. కవి ఒప్పుకునేవాడో లేదో కూడా చెప్పలేని వ్యాఖ్యానం.

ఐషెన్‌డార్ఫ్ కవితల పన్నెండు పాటల్లో దారి వేరు. అక్కడ పరిహాసం లేదు, కాబట్టి ఎదురుచెప్పాల్సిన పనీ లేదు. ‘వెన్నెల రాత్రి’ కవిత ఆకాశం భూమిని నిశ్శబ్దంగా ముద్దాడినట్టుంది అని మొదలవుతుంది. ఆ ‘అన్నట్టు’ అనే ఊహను పట్టుకునే షూమన్ ఆధారస్వరం మీద గట్టిగా దిగకుండా పాటంతా గాలిలో నిలిపాడు. ఆత్మ ఇంటికి ఎగిరిపోతున్నట్టు అన్న చివరి పాదం దాకా ఆ దిగడం వాయిదా పడుతూనే ఉంటుంది.

పెద్ద రచనలు: భారతవీరుడి నెత్తుటి చుక్క

1843లో లైప్‌జిగ్‌లో షూమన్ స్వయంగా నడిపించిన ‘స్వర్గమూ పెరీ’ అన్న పెద్ద రచన మన పాఠకులకు ఆసక్తి కలిగిస్తుంది. ఐరిష్ కవి థామస్ మూర్ 1817లో ప్రచురించిన ‘లల్లా రూఖ్’ దీనికి మూలం, షూమన్ బడి స్నేహితుడు ఎమిల్ ఫ్లెక్సిగ్ దాన్ని జర్మన్‌లోకి తెచ్చాడు. స్వర్గం నుంచి వెలివేసిన పెరీ అనే అప్సరస, స్వర్గానికి ఇష్టమైన కానుక తెస్తే తలుపు తెరుస్తామన్న మాట మీద లోకమంతా వెతుకుతుంది. మొదటి వెతుకులాట భారతదేశంలో. గజనీ మహమ్మద్ దండయాత్రను ఎదిరించి చనిపోయిన యువకుడి చివరి నెత్తుటి చుక్క తీసుకెళ్తుంది, అది చాలదంటారు. ఈజిప్టులో మహమ్మారి సోకిన ప్రియుడితో పాటు ప్రాణం విడిచిన అమ్మాయి నిట్టూర్పూ చాలదు. సిరియాలో పశ్చాత్తాపపడిన నేరస్థుడి కన్నీరు తలుపు తీయిస్తుంది. ఇందులోని భారతదేశం యూరప్ పుస్తకాల్లోని భారతదేశమే, షూమన్‌కు ఈ నేల గురించి తెలిసిందీ అలాంటి పుస్తకాల నుంచే.

గెటె ‘ఫౌస్ట్’ దృశ్యాల మీద 1844 నుంచి దాదాపు పదేళ్లు పనిచేశాడు. కథంతా చెప్పకుండా విడివిడి దృశ్యాలు ఎంచుకోవడంలో పాత అలవాటు కనబడుతుంది. బైరన్ ‘మన్‌ఫ్రెడ్’కీ సంగీతం రాశాడు. తండ్రి అచ్చువేసిన కవి దగ్గరికి కొడుకు తిరిగి వెళ్లడం అది.

ఒక్క ఒపెరా రాశాడు. 1850లో ప్రదర్శించిన ‘గెనొఫేఫా’ రంగస్థలం మీద నిలవలేదు. దీనికి కారణం ఆయన చదువులోనే వెతకొచ్చు. ఒపెరాలో పాత్ర ఏం చేస్తోందో వెంటనే తెలియాలి, సన్నివేశం ముందుకు నడవాలి. షూమన్ నవలల నుంచి నేర్చుకున్నది దాచడం, తెంచడం, లోపలి గొంతుకు చోటివ్వడం. ఒంటరి పాఠకుడికీ, చిన్న గదిలో పియానో ముందు కూర్చున్న శ్రోతకూ సరిపోయే విద్య అది. దీపాల వెలుగులో వెయ్యిమంది ముందు దానికి ఊపిరాడలేదు.

క్రైస్లర్ జూనియర్

1853లో ఇరవై ఏళ్ల స్వరకర్త యోహాన్నెస్ బ్రామ్స్ డ్యూసెల్‌డోర్ఫ్‌లో షూమన్ ఇంటి తలుపు తట్టాడు. షూమన్ వెంటనే తన పాత పత్రికకు వ్యాసం రాసి ఆ కుర్రాడిని లోకానికి పరిచయం చేశాడు. బ్రామ్స్ కూడా పుస్తకాల పురుగే. హాఫ్‌మన్ పాత్ర పేరునే తన మారుపేరుగా పెట్టుకుని ‘యోహాన్నెస్ క్రైస్లర్ జూనియర్’ అని సంతకం చేసేవాడు, తనకు నచ్చిన రచయితల వాక్యాలను ఒక పుస్తకంలో ఎక్కించుకునేవాడు. 1854 ఫిబ్రవరిలో షూమన్ రైన్ నదిలో దూకాడు, బయటికి తీశాక తన కోరిక మీదే బాన్ దగ్గరి ఎండెనిక్ చికిత్సాలయంలో చేరాడు. 1856 జులై 29న అక్కడే చనిపోయాడు. ఆయన చికిత్సాలయంలో చేరిన ఏడాదే బ్రామ్స్, షూమన్ రాసిన ఒక బాణీని తీసుకుని, దాన్ని రకరకాలుగా మార్చి వాయించే పియానో వేరియేషన్లు అల్లాడు. ఆ రాతప్రతిలో కొన్ని వేరియేషన్ల దగ్గర బ్రామ్స్ పేరు తొలి అక్షరం ఉంది. కొన్నింటి దగ్గర క్రైస్లర్ సంతకం ఉంది.